విలీన పంచాయతీల్లో లైసెన్సులు, తనిఖీలు గాడిన పెట్టడం ఎలా? తిరుపతి, చిత్తూరు శివారులకు ఒక సమగ్ర మార్గదర్శి

శివారు పంచాయతీని నగరపాలక సంస్థలో కలుపుతూ ఉత్తర్వు వెలువడిన మర్నాడు అక్కడి టీ దుకాణం యజమానికి ఎదురయ్యే ప్రశ్న చాలా చిన్నది. పంచాయతీకి కట్టిన లైసెన్సు రుసుము రశీదు ఇంకా చెల్లుతుందా? దీనికి గ్రామ సచివాలయంలో ఒక జవాబు, కార్పొరేషన్ ఆరోగ్య విభాగంలో మరో జవాబు వచ్చాయంటే విలీనం ఇంకా గెజిట్ దాటి బయటికి రాలేదన్న మాట.

ఆ యజమానికి ఎక్కడ అడిగినా ఒకే జవాబు దొరకాలంటే ఏం చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం. కమిషనర్ కార్యాలయంలో పనిచేసేవారికి, వార్డు కార్యదర్శులకు, కార్పొరేటర్లకు, వ్యాపార సంఘాల వారికి పనికిరావాలని రాస్తున్నాను. పన్నులు, రోడ్లు, తాగునీటి సంగతి ఇందులో ఉండదు. వాటి గురించి మాట్లాడేవారికి ఎప్పుడూ కొదవ లేదు. అనుమతి ఇవ్వడం, తనిఖీ చేయడం, అవసరమైతే ఆపించడం అనే మూడు పనులే ఇక్కడి విషయం. వ్యాపార లైసెన్సు, భవన అనుమతి, హోటళ్ల శుభ్రత, మాంసం దుకాణాలు, వీధి వ్యాపారుల గుర్తింపు వీటి కిందికి వస్తాయి.

తిరుపతి 1886లో పురపాలక సంఘమై, 2007లో కార్పొరేషన్ అయింది. 1917 నాటి చిత్తూరు మునిసిపాలిటీ చుట్టుపక్కల పంచాయతీలను కలుపుకొని 2012లో కార్పొరేషన్ హోదా అందుకుంది. ఊళ్లు మాత్రం ఉత్తర్వుల కోసం ఆగలేదు. తిరుచానూరు, అవిలాల, పేరూరు, మంగళం, అక్కారంపల్లె లాంటి ఊళ్లను 2011 జనగణన అప్పటికే తిరుపతి పట్టణ సముదాయంలో లెక్కగట్టింది. చూడడానికి అంతా ఒకటే నగరం. హద్దు దాటితే నోటీసు ఇచ్చే చేయి, రశీదు ఇచ్చే పుస్తకం వేరు. విలీనం సరిచేయవలసింది ముందుగా ఈ తేడానే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. విలీనం తరవాతి మొదటి ఏడాది పేర్లు చేర్చుకోవడానికే, జరిమానాలు రాయడానికి కాదు. ప్రాణం మీదికి తెచ్చే విషయాల్లో మాత్రం మొదటి రోజు నుంచే గట్టిగా ఉండాలి. చాలా చోట్ల ఇది తారుమారవుతుంది. కిరాణా కొట్టుకు వెంటనే నోటీసు వెళ్తుంది, వంటగ్యాస్ సిలిండర్లు పేర్చిన గది వైపు ఎవరూ తొంగి చూడరు.

1. రిజిస్టర్ల కింద గీత గీయండి

విలీనం మాట పత్రికల్లో వచ్చిన రోజు నుంచి ఉత్తర్వు వెలువడే దాకా పంచాయతీ కార్యాలయాలకు కొత్త సందడి వస్తుంది. ఇల్లు కట్టుకునేవారు, స్థలం ముక్కలు చేసి అమ్మేవారు పంచాయతీ ఉండగానే పని కానిచ్చుకోవాలని తిరుగుతారు. పాత తేదీలు వేసిన కాగితాలు పుట్టేది ఈ కాలంలోనే. ఆ తరవాత ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగేవీ ఇవే.

అందుకని అన్నిటికన్నా ముందు చేయవలసినది ఖర్చు లేని పని. భవన అనుమతుల రిజిస్టరు, లైసెన్సుల రిజిస్టరు, ఇంటి పన్ను డిమాండు రిజిస్టరు, తీర్మానాల పుస్తకం, రశీదు పుస్తకాలు అన్నీ బల్ల మీదికి తెప్పించండి. ప్రతి పేజీకి సంఖ్య వేయించండి. చివరి నమోదు కింద అడ్డగీత గీసి పంచాయతీ కార్యదర్శి, కార్పొరేషన్ తరఫు ఉద్యోగి ఇద్దరూ తేదీతో సంతకాలు చేయాలి. వాడని రశీదులను అడ్డంగా కొట్టివేయాలి. అదే రోజు అన్ని పేజీలనూ స్కాన్ చేసి ఒక ప్రతిని జిల్లా పంచాయతీ అధికారి కార్యాలయంలో ఉంచాలి.

చాలామంది మరిచిపోయేది రబ్బరు ముద్రలు. సర్పంచి ముద్ర, కార్యదర్శి ముద్ర, పంచాయతీ గుండ్రటి ముద్ర లెక్కపెట్టి, కాగితం మీద వాటి అచ్చు తీసుకొని, సంచిలో వేసి సీలు చేయండి. ముద్ర బయట ఉన్నన్నాళ్లూ పంచాయతీ కూడా బయట బతికే ఉంటుంది.

తిరుపతి శివారులకు అదనపు చిక్కు ఒకటుంది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు ముందు ఈ పంచాయతీలు చిత్తూరు జిల్లాలోవి. కాబట్టి జిల్లా స్థాయిలో పాత ఫైళ్లు దొరక్కపోతే చిత్తూరు కార్యాలయాల్లోనూ వెతకవలసి రావచ్చు. లేఅవుట్ల కాగితాలు మరో చోట ఉంటాయి: 1981లో ఏర్పడిన తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, శివారు లేఅవుట్లకు ఆమోదం ఇస్తూ వచ్చింది. తుడా జాబితానూ పంచాయతీ జాబితానూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ లేఅవుటుకు నిజంగా ఆమోదం ఉందో, ఏది పంచాయతీ తీర్మానం ఒక్కదానితోనే నెట్టుకొస్తోందో బయటపడుతుంది. ఆ రెండో రకాన్ని వేరే రంగు అట్టలో పెట్టండి. ఇప్పుడే తేల్చనక్కర్లేదు, కలిపేయకుండా ఉంటే చాలు.

ఉత్తర్వు రాకముందే పని మొదలుపెట్టకూడదా అని అడిగేవారికి ఇంగ్లండు నుంచి ఒక ఉదాహరణ ఉంది. వూస్టర్‌షైర్‌లోని ఆరు జిల్లా కౌన్సిళ్లు తాము విడివిడిగానే ఉంటూ, 2010లో లైసెన్సులు, ఆహార శుభ్రత, పర్యావరణ ఆరోగ్య తనిఖీలను ఒకే ఉమ్మడి సేవ కిందికి తెచ్చాయి. హద్దులు కలపకుండానే సేవను కలపవచ్చన్న మాట. మన దగ్గర అధికారాలు చట్టం ప్రకారం ఎవరివి వారివే గనుక సంతకాలు కలపలేం. తనిఖీ పట్టికను, దుకాణాల జాబితాను, ఫిర్యాదుల పుస్తకాన్ని మాత్రం ఉత్తర్వుకు ముందే ఒకటి చేయవచ్చు.

2. రాత్రికి రాత్రి ఏ చట్టం మారింది, ఏది మారలేదు

ఇది సిబ్బందికి మొదటి వారంలోనే చెప్పవలసిన పాఠం. పంచాయతీలో ఉన్నప్పుడు లైసెన్సుకు ఆధారం 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం. మునిసిపాలిటీలో అయితే 1965 చట్టంలోని 263వ సెక్షన్. కార్పొరేషన్లకు 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంలోని 521వ సెక్షన్. ఆ చట్టాన్ని 1994లో వచ్చిన మరో చట్టం ద్వారా రాష్ట్రంలోని మిగతా కార్పొరేషన్లకూ వర్తింపజేశారు. మాటల్లో మూడూ ఒకలాగే కనిపిస్తాయి. కాని కార్పొరేషన్ పరిధిలో పంచాయతీ చట్టం పేరుతో ఇచ్చిన నోటీసు న్యాయవాది చేతిలో పడితే నిలవడం కష్టం. కాబట్టి పాత నోటీసు ఫారాలు ఎన్ని మిగిలినా వాడకండి, కాగితం వృథా అవుతుందన్న బాధ వద్దు.

మాంసం దుకాణాల విషయంలో మార్పు ఇంకా పెద్దది, ఇంకా తక్కువ మందికి తెలిసినది. జంతు హింస నివారణ చట్టం కింద 2001లో వచ్చిన వధశాలల నియమాల ప్రకారం మునిసిపల్ ప్రాంతంలో గుర్తింపు పొందిన వధశాలలో తప్ప జంతువును కోయకూడదు. అంటే నిన్నటి దాకా పంచాయతీలో దుకాణం వెనకే మేకను కోసి అమ్మిన మనిషి, ఉత్తర్వు వచ్చిన మర్నాటి ఉదయానికి ఏమీ కొత్తగా చేయకుండానే నిబంధన ఉల్లంఘించినవాడవుతాడు. ఇక్కడ నోటీసు కన్నా ముందు దారి చూపాలి. వధశాల ఎక్కడ ఉంది, అక్కడికి చేరడానికి ఎంత దూరం, పశువైద్యుడు ఏ వేళకు వస్తాడు, ఆదివారం రద్దీకి సరిపోతుందా? ఈ నాలుగింటికీ జవాబు లేకుండా శివారు మాంసం దుకాణాల మీద దాడి చేస్తే వధ ఆగదు, ఇంటి పెరటిలోకి మారుతుంది.

వీధి వ్యాపారులకు మాత్రం విలీనం మేలు చేస్తుంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం పట్టణ స్థానిక సంస్థలకు వర్తించేది. పంచాయతీ రోడ్డు పక్క బండి పెట్టుకున్న మనిషికి నిన్నటి దాకా లేని రక్షణ ఇప్పుడు వస్తుంది. సర్వే పూర్తి చేసి గుర్తింపు పత్రాలు ఇచ్చే వరకు తొలగించకూడదని ఆ చట్టం స్పష్టంగా చెబుతుంది.

మారనివి కూడా చెప్పాలి, లేకపోతే దళారులు ఆ ఖాళీలో వ్యాపారం చేసుకుంటారు. ఆహార భద్రత చట్టం 2006 నాటి కేంద్ర చట్టం. హోటలుకు ఉన్న 14 అంకెల నమోదు సంఖ్య విలీనంతో రద్దు కాదు. తూనికలు, కొలతల ముద్రలు కూడా అంతే. అవి 2009 చట్టం కింద రాష్ట్ర శాఖ వేసేవి. ఈ రెండు ముక్కలనూ పెద్ద అక్షరాలతో సచివాలయం గోడకు అంటించండి.

ఇక టీ దుకాణం రశీదు సంగతి. విలీన ఉత్తర్వులో పాత అనుమతుల కొనసాగింపు గురించి ఏముందో న్యాయ విభాగంతో చదివించి, పంచాయతీ ఇచ్చిన లైసెన్సులన్నీ ఆ ఆర్థిక సంవత్సరం ముగిసే దాకా, అంటే మార్చి 31 దాకా, చెల్లుతాయని కౌన్సిల్ చేత తీర్మానం చేయించండి. పాలకవర్గం లేకపోతే ప్రత్యేకాధికారి ఉత్తర్వు చాలు. ఒకే వాక్యంలో ఉండాలి. రెండో వాక్యం వచ్చిందంటే మినహాయింపు మొదలవుతుంది.

3. సంతకం ఎవరిది

పంచాయతీ కార్యదర్శి అధికారం ఉత్తర్వుతో ముగుస్తుంది. కమిషనర్ అధికారాన్ని ఎవరికి ఎంత వరకు అప్పగించారో రాతపూర్వకంగా లేకపోతే ఫైళ్లు గాలిలో వేలాడతాయి. ఏ లైసెన్సును శానిటరీ ఇన్‌స్పెక్టర్ స్థాయిలో ముగించవచ్చు, ఏది ఆరోగ్యాధికారి దగ్గరికి వెళ్లాలి, ఏది కమిషనర్ చూడాలి అన్నది ఒక పేజీలో రాసి మొదటి రోజే విడుదల చేయాలి.

సచివాలయ సిబ్బంది విషయంలో జాగ్రత్త అవసరం. 2019 అక్టోబరు 2న మొదలైన ఈ వ్యవస్థలో గ్రామ సచివాలయానికి ఇంజనీరింగ్ అసిస్టెంటు, సర్వేయరు ఉంటారు. వార్డు సచివాలయానికి ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ కార్యదర్శి, శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కార్యదర్శి ఉంటారు. బోర్డు మీద గ్రామ అన్న మాట తీసి వార్డు అని రాసినంత మాత్రాన ఇంజనీరింగ్ అసిస్టెంటుకు సెట్‌బ్యాకు (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ) కొలవడం, ప్లాను చదవడం వచ్చేయవు. ఆ రెండు కార్యదర్శి పోస్టులూ నిండేదాకా పక్క వార్డు నుంచి వారంలో నిర్ణీత రోజుల్లో ఒకరిని పంపండి. ఆ రోజులు ఏవో తలుపు మీద రాయండి.

4. దుకాణాల జాబితా: ఇల్లిల్లూ తిరగడానికి ముందు కాగితాలు కలపండి

లైసెన్సు రిజిస్టరులో ఉన్న పేర్లు, వీధిలో ఉన్న దుకాణాలు ఎక్కడా సరిపోవు. పంచాయతీల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ. మామూలుగా చేసే పని సిబ్బందిని పలకా బలపం ఇచ్చినట్టు ఒక ఫారం ఇచ్చి వీధుల్లోకి వదలడం. నేను దానికి వ్యతిరేకిని. ముందు కార్యాలయంలో కూర్చొని చేయవలసిన పని చాలా ఉంది.

మంచి ఆధారం కరెంటు మీటరు. ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తే పట్టుబడతామన్న భయంతో చాలా దుకాణాలు, హోటళ్లు, లాడ్జీలు వాణిజ్య కనెక్షను తీసుకుంటాయి. ఆ జాబితా దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ దగ్గర ఉంటుంది. దాని ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే గనుక కమిషనర్ ఒక లేఖ రాసి మనిషిని పంపితే చాలు. దానికి జీఎస్టీ నమోదుల జాబితా, ఆహార భద్రత నమోదుల జాబితా, పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టరు జోడించండి. నాలుగింటినీ తలుపు సంఖ్య ప్రకారం కలపడానికి ప్రయత్నిస్తే వెంటనే ఒక అడ్డంకి ఎదురవుతుంది. శివారుల్లో తలుపు సంఖ్యలు ఒక వరసలో ఉండవు. పాత సంఖ్య, కొత్త సంఖ్య, బై వేసిన సంఖ్య, అసలు సంఖ్యే లేని షెడ్డు కనిపిస్తాయి. కాబట్టి తలుపు సంఖ్యతో పాటు మీటరు సంఖ్యనే గుర్తుగా పెట్టుకోవడం మేలు. మనిషి మారినా, బోర్డు మారినా మీటరు గోడ మీదే ఉంటుంది.

ఇలా తయారైన జాబితాతో అప్పుడు వీధిలోకి వెళ్లండి. సిబ్బంది ఫోనులో దుకాణం ముందు భాగం ఫొటో, స్థానం, యజమాని ఫోను సంఖ్య, వ్యాపారం రకం, సుమారు విస్తీర్ణం నమోదు చేస్తే చాలు. ఆ నడకలో నోటీసులు ఇవ్వకూడదు, రుసుము అడగకూడదు. రెండు పనులూ కలిపితే మొదటి వీధి దాటేలోపే రెండో వీధి షట్టర్లు దిగిపోతాయి.

తిరుచానూరు లాంటి చోట ప్రత్యేకంగా చూడవలసినవి గదులు అద్దెకిచ్చే ఇళ్లు. పన్ను నివాస గృహానికి కడుతూ, రోజువారీ అద్దెకు యాత్రికులను దింపే భవనాలు పుణ్యక్షేత్రం ఉన్న ఏ ఊళ్లోనైనా పుడతాయి. విద్యార్థి హాస్టళ్లు, కల్యాణ మండపాలు, 20 లీటర్ల క్యాన్లలో నీరు నింపే ప్లాంట్లు కూడా ఈ కోవలోవే. చిత్తూరు వైపు అయితే మామిడి గుజ్జు పరిశ్రమల అనుబంధ షెడ్లు, బెల్లం నిల్వ గదులు జాబితాలో తప్పిపోకుండా చూసుకోవాలి. మామిడి కాలంలో మాత్రమే తెరిచే షెడ్డుకు డిసెంబరులో వెళ్తే అది పాడుబడ్డ గది అని రాసుకొని వస్తారు.

5. ప్రమాదాన్ని బట్టి వరస

అందరినీ ఒకేలా చూడడం న్యాయంగా అనిపిస్తుంది గాని, ఉన్న సిబ్బందితో అది అసాధ్యం. జాబితాను మూడు కట్టలు చేయండి. రోజూ ఎక్కువమంది తినే హోటళ్లు, మెస్‌లు, మాంసం దుకాణాలు, నీటి ప్లాంట్లు, లాడ్జీలు, హాస్టళ్లు, గ్యాస్, రసాయనాలు, టపాసులు నిల్వ చేసే గోదాములు మొదటి కట్ట. బేకరీలు, చిన్న ఫలహార కేంద్రాలు, వాహన మరమ్మతు షెడ్లు, పిండి మిల్లులు రెండోది. కిరాణా, జిరాక్సు, కుట్టు దుకాణాలు మూడోది.

మొదటి కట్టలో ఉన్నవాటిని తొలి మూడు నెలల్లో ఒకసారి, ఆపైన మళ్లీ మళ్లీ చూడాలి. మూడో కట్టకు తనిఖీయే వద్దు; స్వయంగా రాసిచ్చిన కాగితం మీద లైసెన్సు ఇచ్చేయండి, ఫిర్యాదు వస్తేనే వెళ్లండి. ఈ మాట చెబితే ఆదాయం పోతుందని కొందరు ఉలిక్కిపడతారు. రుసుము పోదు, తిరగడమే తగ్గుతుంది.

6. తనిఖీ ఎలా చేయాలి

శాఖలు విడివిడిగా వెళ్తే హోటలు యజమానికి నెలలో సగం రోజులు తనిఖీలే. మొదటి కట్టలోని వాటికి ఉమ్మడి తనిఖీ రోజు పెట్టండి: కార్పొరేషన్ ఆరోగ్య విభాగం, ఆహార భద్రత అధికారి, అగ్నిమాపక శాఖ, తూనికలు కొలతల శాఖ. అందరూ ప్రతిసారీ రారు. వచ్చినవారితోనే వెళ్లండి, రానివారి భాగం ఖాళీగా ఉంచి అలాగే రికార్డు చేయండి. ఖాళీలు నెల చివర కలెక్టరు సమీక్షలో కనిపిస్తే హాజరు దానంతట అదే మెరుగవుతుంది.

ఎవరి అధికారం ఎంతో తెలియకపోవడం వల్ల కేసులు చెడిపోతాయి. శానిటరీ ఇన్‌స్పెక్టర్ మురికి వంటగది మీద కార్పొరేషన్ చట్టం కింద నోటీసు ఇప్పించగలడు. ఆహార భద్రత చట్టం కింద నమూనా తీయవలసింది ఆ చట్టం ప్రకారం నియమితుడైన ఆహార భద్రత అధికారి. నమూనాను నాలుగు భాగాలు చేయాలన్న నిబంధన ఉంది. అత్యుత్సాహంతో ఒక డబ్బాలో కూర పట్టుకొని వచ్చి పత్రికలకు చూపిస్తే ఫొటో మిగులుతుంది, కేసు మిగలదు.

లోపం కనిపిస్తే ముందు మెరుగుదల నోటీసు. ఆహార భద్రత చట్టం 32వ సెక్షన్ కింద ఆ నోటీసులో ఏం తప్పో, ఏం చేయాలో రాసి, కనీసం 14 రోజుల గడువు ఇవ్వాలి. ప్రజల ప్రాణానికి వెంటనే ముప్పు ఉన్నప్పుడు అత్యవసరంగా ఆపించే దారి 34వ సెక్షన్‌లో ఉంది. ఈ రెండింటి తేడాను సిబ్బందికి ఉదాహరణలతో చెప్పండి. పగిలిన నేల బండలు మొదటి రకం. మురుగు నీరు కలుస్తున్న తాగునీటి ట్యాంకు రెండో రకం.

నోటీసు తెలుగులో, మామూలు మాటల్లో ఉండాలి. "పై విషయమై తగు చర్య గైకొనవలసినదిగా" అన్న వాక్యం ఎవరికీ ఏమీ చెప్పదు. "వంటగది కిటికీకి దోమల జాలి బిగించండి, చేతులు కడిగే చోట సబ్బు పెట్టండి, చెత్తబుట్టకు మూత ఉండాలి, ఈ నెల 20లోగా" అని రాస్తే మర్నాడే వడ్రంగిని పిలుస్తారు. చిత్తూరు పట్టణంలో, తిరుపతి బస్టాండు ప్రాంతంలో తమిళం మాత్రమే చదవగల వంటవాళ్లూ కనిపిస్తారు. వారి కోసం వెనకవైపు తమిళంలో అచ్చు వేయడం పెద్ద ఖర్చేమీ కాదు.

మళ్లీ వెళ్లి చూడడం తనిఖీలో సగం. గడువు ముగిసిన వారంలోగా ఎవరూ వెళ్లకపోతే ఆ నోటీసుకు విలువ లేదని వీధి అంతటికీ తెలిసిపోతుంది. అందుకే కొత్త తనిఖీల సంఖ్య తగ్గించైనా రెండో సందర్శన తప్పకుండా చేయాలి.

డబ్బు విషయం. తనిఖీకి వెళ్లిన మనిషి చేతికి నగదు రాకూడదు, రశీదు పుస్తకం ఆ సంచిలో ఉండకూడదు. రుసుము, జరిమానా ఏదైనా సచివాలయం కౌంటరులోనో ఆన్‌లైన్‌లోనో కట్టాలి. ఒకే వీధికి ఒకే ఉద్యోగిని ఏళ్ల తరబడి పంపకూడదు. ఇందులో కొత్త విషయం ఏదీ లేదు. పాత పంచాయతీ అలవాట్లు, పాత మునిసిపాలిటీ అలవాట్లు ఒకే గదిలో చేరే వేళ మళ్లీ చెప్పక తప్పదు.

7. రుసుములు: మెల్లగా, ముందే చెప్పి

విలీనమంటే ఊళ్లు భయపడేది పన్నులు పెరుగుతాయని, గ్రామాలకు మాత్రమే ఉన్న ఉపాధి హామీ పనులు పోతాయని. ఆ కోపం మీద లైసెన్సు రుసుము పెంపు కూడా పడితే నమోదుకు ఎవరూ ముందుకు రారు. నా సలహా మూడేళ్ల మెట్లు: మొదటి ఏడాది పంచాయతీ రుసుమే, రెండో ఏడాది తేడాలో సగం, మూడో ఏడాది నగరంతో సమానం. మూడేళ్ల అంకెలూ ఒకేసారి ప్రకటించండి. విస్తీర్ణాన్ని బట్టి దుకాణదారు తానే లెక్క వేసుకునేలా పట్టిక ఉండాలి. తొలి ఏడాది స్వయంగా వచ్చి నమోదు చేసుకున్నవారి దగ్గర పాత బకాయిల పేరెత్తవద్దు.

8. వీధి వ్యాపారులు, ఉత్సవాలు

2014 చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి. కమిషనర్ అధ్యక్షుడు. సభ్యుల్లో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే తమలో తాము ఎన్నుకున్నవారు కావాలి, వారిలో మూడో వంతు మహిళలు. విలీనమైన ప్రాంతం నుంచి ఆ కమిటీలో ఎవరూ లేకపోతే వారి తరఫున నిర్ణయాలు వేరేవాళ్లు చేస్తారు. కొత్త డివిజన్లలో సర్వే మొదలుపెట్టేటప్పుడే ఆ ప్రాతినిధ్యం సంగతి తేల్చండి. సర్వేకు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది, స్వయం సహాయక సంఘాల మహిళలు బాగా పనికొస్తారు. తెల్లవారుజామున వచ్చి తొమ్మిదికల్లా వెళ్లిపోయే పూలవాళ్లు, ఆకుకూరలవాళ్లు వారికి తెలిసినంతగా ఇన్‌స్పెక్టరుకు తెలియరు. ఒక చోటు నుంచి మరో చోటికి మార్చవలసి వస్తే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది చట్టం మాట. వీఐపీ పర్యటన దానికి మినహాయింపు కాదు.

తిరుపతి శివారుల్లో ఏడాది పొడవునా ఏదో ఒక ఉత్సవం ఉంటుంది. మే నెలలో గంగమ్మ జాతర, ఆశ్వయుజంలో తిరుమల బ్రహ్మోత్సవాలు, కార్తికంలో తిరుచానూరు పద్మావతి అమ్మవారి బ్రహ్మోత్సవాలు, ఆ చివర పంచమీ తీర్థం. వీటికి తాత్కాలిక దుకాణాలు వందల్లో లేస్తాయి. వాటిని మామూలు లైసెన్సు దారిలో పంపితే ఉత్సవం అయ్యాక లైసెన్సు వస్తుంది. ఒక పేజీ దరఖాస్తు, ఒక్క రోజులో అనుమతి, నిర్ణీత తేదీలు, చెత్తబుట్ట, మంటలార్పే పరికరం, తాగునీటి మూలం, అంతే. తిరుమల కొండ మీద సంగతి తిరుమల తిరుపతి దేవస్థానానిది, కార్పొరేషన్‌ది కాదు. తిరుచానూరు ఆలయం కూడా దేవస్థానం నిర్వహణలోదే గనుక ఆలయం గోడకు ఎటువైపు ఎవరు తనిఖీ చేస్తారో ఉత్సవానికి నెల ముందు ఇద్దరూ కూర్చొని గీత గీసుకోవాలి.

9. భవనాలు

ఇది వేరే వ్యాసానికి తగిన విషయం, కొద్దిగానే చెబుతాను. మూడు రకాలు వేరు చేయండి: అనుమతి ఉండి కడుతున్నవి, అనుమతి లేకుండా ఇప్పటికే పూర్తయినవి, అనుమతి లేకుండా ఇప్పుడు లేస్తున్నవి. పంచాయతీ ప్లాను తీసుకొని పునాది దాటినవారిని మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేయమనకండి. పూర్తయినవాటికి క్రమబద్ధీకరణ పథకం ఉన్నప్పుడు దారి ఉంటుంది, లేనప్పుడు జాబితాలో పెట్టి ఊరుకోవడం తప్ప పెద్దగా చేయగలిగింది లేదు. శక్తి అంతా మూడో రకం మీద పెట్టాలి. స్లాబు పడకముందు ఆపిన గోడ ఎవరినీ నిండా ముంచదు. నాలుగో అంతస్తు వేశాక వచ్చే నోటీసు మాత్రం అధికారికీ యజమానికీ మధ్య బేరానికే దారి తీస్తుంది. వారానికి ఒక పూట వార్డు ప్లానింగ్ కార్యదర్శి ప్రతి వీధీ నడిచి, కంకర కుప్పలు ఉన్న చోటల్లా ఫొటో తీస్తే మూడో రకం దాదాపు మొత్తం దొరుకుతుంది.

10. కౌంటరు, ఫిర్యాదు, నెలవారీ లెక్క

కొత్త డివిజను ప్రజలు లైసెన్సు కోసం నగరం నడిబొడ్డున ఉన్న ప్రధాన కార్యాలయానికి రావలసిన పని ఉండకూడదు. దరఖాస్తు తీసుకోవడం, రుసుము కట్టించుకోవడం, పత్రం ఇవ్వడం మూడూ వార్డు సచివాలయంలోనే జరగాలి. ఏ కాగితాలు కావాలో పట్టిక గోడ మీద ఉండాలి. ఆ పట్టికలో లేని కాగితం అడిగితే ఎవరు అడిగారో దరఖాస్తు మీదే రాయించండి. ఈ ఒక్క నియమం చాలా తిప్పలను ఆపుతుంది.

ఫిర్యాదులు ఎన్నో దారుల్లో వస్తాయి: పురపాలక శాఖ యాప్, కలెక్టరేట్ సోమవారం అర్జీలు, కార్పొరేటరుకు ఫోను, వీధిలో కేక. అన్నిటినీ ఒకే పుస్తకంలోకి తేవడం సచివాలయం పని. పేరు చెప్పకుండా పొరుగు దుకాణం మీద చేసే ఫిర్యాదుల్లో పోటీ వ్యాపారుల కక్షలూ ఉంటాయి గనుక, మొదటి కట్టలోని ప్రమాదం అయితే తప్ప వాటి మీద ఆ రోజే పరుగెత్తనక్కర్లేదు.

లెక్క విషయంలో ఎన్ని తనిఖీలు చేశాం, ఎంత జరిమానా వసూలు చేశాం అన్న అంకెలను పక్కన పెట్టండి. అవి పెరిగితే పని బాగా జరిగిందనుకోవడానికి లేదు. ప్రతి నెలా ఐదో తేదీకల్లా డివిజనువారీగా ఈ ఐదు అంకెలు సచివాలయం బోర్డు మీదా, కౌన్సిల్ సమావేశం కాగితాల్లోనూ ఉండాలి: కొత్తగా జాబితాలో చేరిన దుకాణాలు, దరఖాస్తు నుంచి లైసెన్సు చేతికి వచ్చే దాకా పట్టిన రోజులు, నెల దాటిన పెండింగ్ ఫైళ్లు, మొదటి కట్టలో ఇంకా ఒక్కసారి కూడా చూడనివి, రెండో సందర్శనలో లోపం సరిచేసినట్టు తేలినవి. పాత నగరం డివిజన్ల అంకెలు కూడా పక్కనే వేయండి. విలీన ప్రాంతం కార్పొరేటరు సమావేశంలో అడగవలసిన ప్రశ్నలు ఆ రెండు వరసల తేడాలోనే దొరుకుతాయి. అడిగినదానికి జవాబు మినిట్స్‌లో ఎక్కిందో లేదో మాత్రం తరవాతి సమావేశంలో చూసుకోవాలి.